మారెక్క ఒళ్లో బిందె

మూడో బ్రేకరు దాటింది, ఇంక ఎనిమిది ఉన్నాయి అనుకుంది ఈశ్వరి. కొత్తచెరువు దాకా తొమ్మిది, అక్కడి నుంచి పెద్దమ్మ జాతర జరిగే పల్లె దాకా రెండు, మొత్తం పదకొండు స్పీడు బ్రేకర్లు. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోజూ బస్సులో కాలేజీకి పోయి వచ్చే పిల్ల, కళ్లు కిటికీలోంచి చీనీ తోటల్ని, గుట్టల మీది గాలిమరల్ని చూస్తూ ఉంటే పొత్తికడుపు తన పాటికి తాను బ్రేకర్లను లెక్కపెట్టుకుంటూ పోయింది. బడి ముందరిది చిన్నది, పాల డిపో కాడిది పెద్దది, వంక మీది వంతెనకు ఇటొకటి అటొకటి, ఆ రెండూ జంట దొంగల్లాగ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అవి వచ్చేలోపల లోపలికి గుంజి పట్టుకోవాలి, దాటినాక వదలాలి, వదలడం మరిచిపోకూడదు, వదలడం కూడా పనేనని ఆసుపత్రి మేడం చెప్పింది. చేతిలో లీటరు సీసా ఉంది. అందులో నీళ్లు మూతి కాడి నుంచి నాలుగు వేళ్లు దిగినాయి. ఇంకో గుక్క తాగింది. టెంపోలో కూర్చొని నీళ్లు తాగుతాండా, అని తనకు తానే చెప్పుకుంది, ఎవరో వేరే పిల్ల సంగతి చెప్పినట్లు. మూడు నెలల కిందట అయితే ప్రయాణం ఉందంటే ముందు రోజు సాయంత్రం నుంచే నాలుక తడపని పిల్ల.

టెంపో వెనక అటూ ఇటూ వేసిన బల్లల మీద పది మంది చెక్కభజన ఆడవాళ్లు మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చొని ఉన్నారు. అందరి ఒళ్లలో చెక్కలు, కుదుపు వచ్చినప్పుడల్లా వాటి బిళ్లలు గలగలమంటున్నాయి. అందరికీ ఒకే రకం చీరలు, గంధం రంగువి. పోయిన జాతరకు కట్టినవి ముదురు నీలం, సిరా బుడ్డి ఒలికినా కనపడని నీలం. అవి వెలిసిపోయినాయని గురువు బయ్యన్న ధర్మవరం పోయి ఈ రంగు తెచ్చినాడు. మగవాడు కదా, గంధం రంగు మీద ఒక్క చుక్క పడినా దేశపటం గీసినట్లు కనిపిస్తుందని ఆయనకు ఎట్ల తెలుస్తుంది. ఆ బయ్యన్న ముందర డ్రైవరు పక్కన కూర్చొని తాళం వేసుకుంటూ పోతున్నాడు. ఎదురు బల్ల మీద జ్యోతి వదిన ఉంది. పెదనాయన కోడలు, బిడ్డ పుట్టి ఎనిమిది నెలలు. అంతకుముందు వదిన ఎగిరితే దుమ్ము నడుము దాకా లేచేది, ఇప్పుడు మోకాలు నొప్పి అని వెనక వరసలో నిలబడి చేతులు మాత్రం ఆడిస్తుంది. ఇరవై రెండేళ్లకే మోకాళ్లు పట్టేస్తాయా, అవ్వలకు కదా పట్టేసేది. అవ్వ అంటే గుర్తొచ్చింది, పక్కన కూర్చున్న మారెక్క అవ్వ ఒళ్లో ఈ స్టీలు బిందె ఎందుకు ఉన్నట్లు. మారెక్క ఎగరదు, వంత పాడుతుంది. పాడేదానికి బిందె ఎందుకు. నిండా పసుపు నీళ్లు, పైన వేపాకు, దాని మీద తడిగుడ్డ. ప్రతి కుదుపుకూ పచ్చని నీళ్లు చిందుతున్నాయి, కొత్త చీర పాడవుతోందని ఆమెకు దిగులే లేదు. జాతరలో నీళ్లు దొరకవా అవ్వా అని ఎక్కేటప్పుడే అడిగితే, మన నీళ్లు మనకుండల్లలే పాపా అని బిందెను చంటిబిడ్డలాగ దగ్గరికి తీసుకుంది.

నాలుగు. పాల డిపో కాడిది. గుంజి, పట్టి, దాటి, వదిలింది. బాగుంది. ఏమీ కాలేదు. కానీ బ్రేకర్ల కంటే పెద్దది ఒకటి టెంపో తలుపు పక్కనే కూర్చొని ఉంది, దాని పేరు లింగప్ప పెదనాయన. నాయనకు అన్న, టెంపోలో వెనక కూర్చున్న ఒకే ఒక మగవాడు, మోకాళ్ల మధ్య టెంకాయ పెట్టుకొని ఈశ్వరి వైపే చూస్తున్నాడు. చూసినప్పుడల్లా చేతులు జోడించినంత పని చేస్తున్నాడు. ఎక్కేటప్పుడు ఆయన అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"అమ్మ వచ్చినప్పుడు ఒక్క మాట అడుగుతా తల్లీ. బోరు తూర్పు గట్టున ఏయల్లా, వేపమాను కాడ ఏయల్లా. నువ్వు తల ఊపితే సాలు. రేపు తెల్లారేసరికి బోరు బండి వస్తాది."

తల్లీ అంట. పుట్టినప్పటి నుంచి ఏమే ఈశ్వరీ, యాడికే, ఇట్ల రాయే అని పిలిచిన మనిషి. ఆ ఏమే పోయి నాలుగు నెలలు అయింది, అది పోయిన చోట ఇంట్లోని రోలును ఎవరో ఎత్తుకుపోయినట్లు బోసిగా ఉంది. అదంతా మొన్న ఎండాకాలంలో మన ఊరి జాతర నాటి సంగతి, మధ్యాహ్నం ఎండలో గుడి ముందర వేడి బండల మీద చెక్కభజన, బయ్యన్న తాళం పెంచినాడు, పెంచితే ఎగరాలి, రెండు కాళ్లూ ఒకేసారి నేల వదిలి గిర్రున తిరిగి మళ్లీ బండ మీద దిగాలి. మొదటి ఎగురుకు కొంచెం తడి, రెండో ఎగురుకు ఇంకొంచెం. మూడోది ఎగరలేదు. మోకాళ్లు రెండూ కలిపి, పళ్లు బిగించి, ఎదురుగా ఉన్న ధ్వజస్తంభం మీద చూపు నిలిపి ఆగిపోయింది. ఒళ్లంతా వణుకు. చెమట. దేవుడా ఇంత మంది ముందర, మామిళ్లపల్లి నుంచి మేనత్తలు వచ్చినారు, కాలేజీలో సీనియరు పిల్ల కూడా వచ్చింది, అనుకుంటూ ఉండగానే గుంపులోంచి ఎవరో అమ్మ వచ్చిందమ్మో అని కేక పెట్టినారు, ఆ కేక ఇంకా గాలిలో ఉండగానే నెత్తిన బిందెడు పసుపు నీళ్లు దబదబా పడినాయి. పోసింది మారెక్క. నెత్తి నుంచి పాదాల దాకా తడిసిపోయింది. ఏది ఏ నీళ్లో ఇంక ఆ పెద్దమ్మకే తెలియాలి. ఊరంతా కాళ్ల మీద పడింది. వాన వస్తాదా తల్లీ, అని పెదనాయన అడిగినాడు. పిల్ల తల ఊపింది. ఊపితే వదిలిపెడతారేమోనని ఊపింది. నాలుగో రోజు సాయంత్రం ఉరుములతో వంక పొర్లేలా వాన పడింది.

ఆ వాన పడకుండా ఉంటే ఎంత బాగుండేది అని ఈ జిల్లాలో అనుకున్న మనిషి తాను ఒక్కతే అయి ఉంటుంది. తర్వాత నుంచి ఊరు ఊరులాగ లేదు. వీధిలో పోతుంటే అరుగుల మీది వాళ్లు లేచి నిలబడతారు. కుళ్ళాయప్ప తాత గొర్రె తప్పిపోతే ఇంటికి వచ్చి అడిగినాడు, నాకేం తెలుసు తాతా అంది, అనేసరికి గొర్రె తనంతట తానే మందలోకి వచ్చి చేరింది, ఆయన మరుసటి పొద్దున అరటిపండ్ల గెల తెచ్చి గడపలో పెట్టినాడు. అమ్మ ఆ పండ్లు చూసి కళ్లు తుడుచుకుంది. తమ్ముడు మాత్రం లెక్కల పరీక్షలో ఏమొస్తాదో చెప్పక్కా అన్నాడు, వాడికి ఒక్కడికే బుద్ధి ఉంది. నిజం చెప్పాలనుకున్నా ఎవరికీ చెప్పలేదు, రాసుకునే నోటుబుక్కులో మాత్రం జాతర నాటి తేదీ వేసి, ఈ రోజు నా మీదికి ఎవరూ రాలేదు అని ఒకే వాక్యం రాసి మూసేసింది. కానీ ఇప్పుడు ఇది గొర్రె కాదు. బోరు. పెదనాయన ఇదివరకే నాలుగు వేసినాడు, నాలుగూ దుమ్ము పోసినాయి. చేనులో నాలుగు ఇనుప గొట్టాలు మూతులు తెరుచుకొని నిలబడి ఉంటాయి, చిన్నప్పుడు తమ్ముడూ తానూ వాటిలోకి రాయి వేసి చప్పుడు వినాలని చెవి పెట్టేవాళ్లు, ఎంతసేపటికీ చప్పుడు రాదు. ఐదోది తన తల ఊపు మీద వేస్తాడంట. ఎటు ఊపినా తప్పే. ఊపకపోయినా, అమ్మ అలిగిందని పూజ చేయించి మళ్లీ అడుగుతాడు.

ఐదు. నీళ్లు ఇంకో గుక్క. నీళ్ల మీద ఇంత భయం ఎప్పుడు మొదలైంది అని వెనక్కి పోతే, ఊరి బడిలో ఆరో తరగతి కాడ ఆగింది. ఆడపిల్లల పాయకానాకు తాళం, తాళంచెవి పెద్దసారు జేబులో, పెద్దసారు ఎప్పుడూ మీటింగులో. తాళం తీసిన నాడు లోపల చుక్క నీళ్లు ఉండవు. అందుకని పిల్లలంతా పొద్దున తాగడం మానేసినారు, ఆపుకోవడం నేర్చుకున్నారు. ఎవరు ఎక్కువసేపు ఆపుకుంటే వాళ్లు గట్టి పిల్ల. కొళాయి మూడు నాళ్లకొకసారి వచ్చే ఊరు, బిందెలు మోసే ఇల్లు, అందులో ఒక పిల్ల తక్కువ తాగితే మెచ్చుకునే వాళ్లే తప్ప ఎందుకని అడిగేవాళ్లు ఉండరు. మా ఈశ్వరి మేకపిల్లలాగ రెండు గుక్కలు తాగి సరిపెట్టుకుంటాది అని అమ్మ చుట్టాలకు గొప్పగా చెప్పేది. పదో తరగతి వచ్చేసరికి నవ్వితే తడి. తుమ్మితే తడి. పరుగు పందెంలో తడి. అందుకని ఇంకా తక్కువ తాగింది, తాగడం తగ్గే కొద్దీ మంట ఎక్కువైంది, అది తెలియక ఇంకా తగ్గించింది. నవ్వడం మానేసింది. మానేయడమంటే పెదవులు బిగించి మూడు ఏళ్లు. పిల్లకు ఫస్టుక్లాసు వచ్చినాక పొగరు ఎక్కింది అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వొచ్చేది తనకే అని, లోపల నవ్వు కట్టలు తెంచుకుంటూ ఉంటే కాలి బొటనవేళ్లు నేలకు అదిమి చనిపోయిన వాళ్లను గుర్తు చేసుకునేదాన్నని ఎవరికి చెప్పేది.

చెప్పింది చివరికి ఒక చీటీకి. జూన్ ఆఖరులో కాలేజీకి పుట్టపర్తి ఆసుపత్రి నుంచి హేమావతి మేడం వచ్చింది, ఫిజియోథెరపీ డాక్టరమ్మ, పొట్టిగా, గలగలా మాట్లాడే మనిషి. నడుము నొప్పి గురించి చెప్తూ చెప్తూ, దగ్గినప్పుడు ఎగిరినప్పుడు ఒంటికి ఆగని వాళ్లు ఎవరైనా ఉన్నారా అంది. అరవై మంది ఆడపిల్లలు ఒక్కసారిగా తమ తమ గోళ్లు చూసుకున్నారు. సరే, చేతులు ఎత్తొద్దు, చీటీ మీద అవును కాదు రాసి మడిచి ఇవ్వండి అంది. ఈశ్వరి చీమ తలంత అక్షరాలతో అవును అని రాసింది. మేడం చీటీలన్నీ విప్పి లెక్కపెట్టి, పదకొండు అంది. పదకొండు. ఈశ్వరి తల ఎత్తకుండానే గది అంతా వెతికింది, మిగతా పది మంది ఎవరు, ముందు బల్లలో పకపకా నవ్వే పిల్లా, కబడ్డీ ఆడే పిల్లా. ఎవరో తెలియకపోయినా పది మంది తోడు దొరికినట్లయింది, ఆ రోజు బస్సులో సీటు దొరికినా కిటికీ పక్కన నిలబడి వచ్చింది. తర్వాత ఆదివారం నడుము నొప్పి అని చెప్పి అమ్మను వెంటబెట్టుకొని పుట్టపర్తి పోయింది, అక్కడ అమ్మ ముందరే అసలు సంగతి బయటపడింది. అమ్మ మేడంతో, చిన్నగా, ఇది నా పోలికేమో మేడం అంది.

మీ ఇంట్లో నులక మంచం ఉందా అని అడిగింది మేడం. ఉంది. నడుము కింద ఎముకల మధ్య కండరాలతో అట్లాంటి అల్లికే ఒకటి ఉంటుందమ్మా, ఉచ్చబుడ్డ, గర్భసంచి, పేగు దాని మీద పడుకొని ఉంటాయి. మంచం వదులైతే ఏం చేస్తారు, పారేయరు కదా, కాళ్ల వైపు తాళ్లు గుంజి బిగిస్తారు. కొందరికి వదులవుతుంది, కొందరికి మరీ బిగిసి బాధ పెడుతుంది, అందుకే చూడకుండా ఎవరికీ చెప్పకూడదు. పరీక్షలు చేసి, చూసి, నీది వదులే అంది. లోపలికి, పైకి గుంజి, అయిదు లెక్కపెట్టి, వదిలి, అయిదు లెక్కపెట్టి, అట్లా పది సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టొద్దు. నీళ్లు తాగు. ఎందుకైనా మంచిదని మాటిమాటికీ పోవద్దు. తుమ్ము వచ్చేముందు, నవ్వు వచ్చేముందు, ఎగిరేముందు ఒకసారి గుంజు. పన్నెండు వారాలు. ఇంకో మాట, తొందర వచ్చినప్పుడు పరుగెత్తొద్దు, అది సుడిగాలి, నిలబడితే దాటుకొని పోతుంది, దానితో పరుగెత్తితే నిన్ను ఎత్తుకొని పోతుంది. ఈ రోజుకు తొమ్మిదో వారం. క్లాసులో, బస్సులో, అమ్మ రొట్టెలు తడుతుంటే పక్కన కూర్చొని, ఎవరికీ కనపడకుండా మంచం తాళ్లు గుంజుకుంటూ వచ్చింది. ముఖం చూసి దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నారు జనం, ఏం చేస్తాం.

ఆరు. వంతెన రాబోతోంది. వంతెన అనుకోగానే వచ్చింది సుడిగాలి. నిజంగానే బయట ఎండిపోతున్న వేరుశనగ బుడ్డల చేనులో ఎర్రటి సుడిగాలి ఒకటి లేచి టెంపోతో పాటు పరుగెత్తుతోంది, లోపలిది కూడా దానితో పాటే లేచింది. గబుక్కున లేచి నిలబడాలని, టెంపో ఆపమని అరవాలని. ఈశ్వరి లేవలేదు. టక టక టక, అయిదు సార్లు గుంజి వదిలింది, కాలి వేళ్లు నేలకు ఆనించింది, చేనులోని సుడిగాలిని చూస్తూ కూర్చుంది. ఏడు, ఎనిమిది, జంట దొంగలు ఎత్తి కుదేసినాయి, చెక్కలన్నీ ఘల్లుమన్నాయి, మారెక్క బిందె తొణికి ఈశ్వరి చేతి మీద చల్లగా నాలుగు చుక్కలు పడినాయి. బయట సుడిగాలి తంగేడు పొదల్లోకి పోయి చెదిరిపోయింది. లోపలిది కూడా. పోయింది, నిజంగా పోయింది, మేడం చెప్పినట్లే పోయింది. ఆ పోవడంలో ఏదో ధైర్యం మిగిలింది. ఇది దాటినప్పుడు ఇంకొకటి కూడా దాటొచ్చు కదా అనిపించింది. మారెక్క వైపు వంగి, టెంపో చప్పుడులో ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"అవ్వా, ఆ పొద్దు నా మీదికి అమ్మ రాలేదు."

మారెక్క తడిగుడ్డ సర్దుకుంటూ తల కూడా తిప్పలేదు. "తెలుసులే."

"తెలుసా?"

"అమ్మ వచ్చినోళ్లు కాళ్లు యాడ పెడతాండారో సూసుకోరు పాపా. నువ్వు మోకాళ్లు రెండూ జేరేసి నిలబడితివి. నలుగురు బిడ్డల్ని కన్నా, ఆ నిలబడేది నాకి తెలవదా."

"మరి అమ్మ వచ్చిందని అరిస్తివే."

"అరవకపోతే నీళ్లెట్ల పోసేది."

ఈశ్వరి ఆ ముసలి ముఖాన్ని చూసింది, తర్వాత ఒళ్లో బిందెను చూసింది. ఊరి నుంచి చీర తడుపుకుంటూ ఎనిమిది బ్రేకర్లు మోసుకొచ్చిన బిందె. గంధం రంగు చీర సూసినప్పుడే అనుకున్నా, ఈ పొద్దు కూడా కావల్సొస్తాదని, అంది మారెక్క, ఉప్పు తెచ్చినాను పప్పు తెచ్చినాను అన్నంత మామూలుగా. నాలుగు నెలలుగా ఊరంతా తనను తప్పుగా చూసిందని దిగులుపడితే, ఒక మనిషి మాత్రం సరిగ్గా చూసి గమ్మున ఉంది. పెదనాయనకు నువ్వే చెప్పవ్వా అని బతిమాలింది. మారెక్క ఒప్పుకోలేదు. నేను చెప్తే ముసల్ది అబద్దమాడతాంది అంటాడు, నీ ఒంటి సంగతి నువ్వు చెప్తే కాదనేదానికి ఆయప్పకు నోరుండదు అంది.

తొమ్మిది. కొత్తచెరువు. టీ అంగళ్లు, పూల అంగళ్లు, రోడ్డు పక్కన ఆగిన ఒక బోరు బండి, దాని ఇనుప నిచ్చెన ఆకాశంలోకి. అది చూసి పెదనాయన టెంకాయను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. ఆ వేళ్లు చూసింది ఈశ్వరి, మట్టి ఇంకిపోయిన వేళ్లు, చిన్నప్పుడు తనకు పచ్చి బుడ్డలు ఒలిచి పెట్టిన వేళ్లు. ఇంక రెండే బ్రేకర్లు. మేడం చెప్పినట్లు ఊపిరి బిగపట్టకుండా, నోరు తెరిచింది.

"పెదనాయనా, రేపు బోరు ఏయొద్దు. ఆ పొద్దు నా మీదికి అమ్మ రాలేదు. ఒంటికి ఆపుకుంటాంటి."

పది మంది ఆడవాళ్లు ఆమెనే చూస్తున్నారు. చెవులు కాలిపోతున్నాయి. పెదనాయన టెంకాయను అటు ఇటు తిప్పినాడు.

"మరి వాన వస్తాదా అంటే తల ఊపితివి."

"బిరీన ఇడిసిపెడతారని."

ఆయన బయటికి చూసినాడు. నాలుగు బోర్లు ఏసినా, అన్నాడు ఎవరితోనో, రోడ్డుతోనో. నాలుగు తూర్లూ టెంకాయ నిలబడింది, వేపపుల్ల తిరిగింది, బండోడు గ్యారంటీ అన్నాడు. నీళ్లు లేవు లింగప్పా అని ఒగరూ చెప్పలా. ఈశ్వరి తల దించుకొని కూర్చుంది, తిడతాడని, లేకపోతే అంతకంటే ఎక్కువగా, ఏడుస్తాడని. చూస్తుండగానే ఆయన మీసాలు ఒక పక్కకు కదిలినాయి.

"నాకి నీళ్లు రాక నేను ఏడుస్తాంటే, నీకి ఆగక నువ్వు ఏడుస్తివా ఏమే."

ఏమే. రోలు ఇంటికి తిరిగొచ్చింది. మొదట నవ్వింది మారెక్క, తర్వాత బల్లలు బల్లలే నవ్వినాయి, పెదనాయన నవ్వుతూనే జేబులోంచి ఫోను తీసి, రేపు వద్దులేన్నా, నాకి సరిగ్గా చెప్పేవాళ్లు ఈ పొద్దే దొరికినారు అని బోరు బండి వాడికి చెప్పి పెట్టేసినాడు. పెట్టేసి, ఆడవాళ్ల మాటలు మొదలయ్యేలా ఉన్నాయని తెలిసి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

మొదలైనాయి మరి. ఒకామెకు రెండో కాన్పు నుంచి తుమ్మితే, ఒకామెకు తలుపు తాళం తీసేలోపల, యశోదమ్మ పిన్ని ఎనిమిదేళ్లుగా గుడ్డ మడత పెట్టుకోకుండా పెండ్లికి పోలేదంట, ఆడదై పుట్టినాక ఇంతే కదా అనుకున్నారంట అందరూ. జ్యోతి వదిన మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు, మామ ఉన్నాడు కదా, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఈశ్వరిని కళ్లు ఆర్పకుండా చూస్తూ ఉంది. ఆ చూపులో మోకాలి నొప్పి ఏమీ లేదు. ఎట్ల చేస్తావు, చూపించు అంది మారెక్క. చూపించేదానికి ఏముందవ్వా, కనపడదు, ముందు మేడంకు చూపించుకోవల్ల అంది ఈశ్వరి. ఆదివారం అందరం పోదాంలే, ఈలోపల ఏందో తెలుసుకుంటే తప్పేంది అన్నారు. ఆమె చెప్పింది, మూడేళ్లలో ఇంతసేపు ఇంత మందితో మాట్లాడింది లేదు, నులక మంచం దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. గంధం రంగు చీరల్లో పది మంది వీపులు నిటారుగా పెట్టి, చూపు ముక్కు మీద నిలిపి, పెద్ద పూజలో ఉన్నట్లు కూర్చున్నారు. ముందర సీటు కిటికీ తెరుచుకొని బయ్యన్న తల లోపలికి వచ్చింది.

"ఏమమ్మా, గుంపంతా గమ్మునైపోతిరి. బయమా?"

మారెక్క కళ్లు తెరవకుండానే వేలు ఎత్తింది. "ఉండు బయ్యన్నా, అయిదు కానీ."

పదో బ్రేకరు ఆ నవ్వులో ఎప్పుడు పోయిందో ఈశ్వరికి తెలియలేదు. పదకొండోది కూడా అంతే.

జాతరలో వీళ్ల వంతు వచ్చేసరికి పొద్దు గుట్ట మీదికి వాలింది. బయ్యన్న మొదట మెల్లగా పాడినాడు, తర్వాత తాళం పెంచినాడు. ముందు వరసలో ఈశ్వరి. గుంజు, ఎగురు, దిగు, వదులు. గుంజు, ఎగురు. ఎర్రటి దుమ్ము చీలమండల దాకా, మోకాళ్ల దాకా. చూస్తున్న జనంలో ముందర మారెక్క, పాట పాడుతూనే చంకలో బిందె పెట్టుకొని నిలబడి ఉంది. కళ్లతోనే అడిగింది, కావల్లా అని. ఈశ్వరి తల అడ్డంగా ఊపింది. మారెక్క చూపు ఆమెను దాటి వెనక వరసకు పోయింది, అక్కడ ఆగింది. ఈశ్వరి గిర్రున తిరుగుతూ చూసింది. జ్యోతి వదిన ఈ రోజు వెనకే ఉండిపోకుండా, ఏం ధైర్యం వచ్చిందో ఏమో, రెండు ఎగుర్లు ఎగిరినట్లుంది. ఇప్పుడు మోకాళ్లు రెండూ కలిపి, పళ్లు బిగించి, దీపస్తంభాన్ని చూస్తూ నిలబడి ఉంది. పన్నెండు వారాల్లో వదినకు ఇది మొదటి రోజు కదా.

అమ్మ వచ్చిందమ్మో అని మారెక్క కేక పెట్టడం, బిందె బోర్లించడం ఒకేసారి జరిగినాయి. జనం ఒక్కసారిగా మీదికి వచ్చినారు, ఎవరో ముసలాయన చేతులు జోడించి తల్లీ వాన అని మొదలుపెట్టినాడు. ఆయన మాట పూర్తి కాలేదు. పెదనాయన టెంకాయను పక్కన పెట్టి, తువ్వాలతో గుంపును రెండుగా చీలుస్తూ కోడలి ముందరికి వచ్చి నిలబడినాడు.

"ఏమీ అడగద్దండప్పా. దోవ ఇడవండి. అమ్మ బిరీన పోవల్ల."

జనం భక్తిగా దోవ ఇచ్చినారు. వదిన కొంగు పట్టుకొని, నీళ్లు కారుతూ, ఆ దోవన గుడి వెనకకు పరుగెత్తింది. బయ్యన్న తాళం ఆపలేదు. ఈశ్వరి గాలిలో ఉండగా వచ్చింది నవ్వు, కాలి వేళ్లు అదమడానికి నేల లేదు, చనిపోయిన వాళ్లు ఎవరూ గుర్తు రాలేదు, నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి నవ్వింది, నవ్వుతూనే దిగింది, మళ్లీ ఎగిరింది. చీర సంగతి ఆమెకు ఇంటికి పోయేదాకా గుర్తు రాలేదు.